కొల్లేటి మీద కదిలిన మేడ

ఏలూరు,
6-1-1934

పెద్దింటయ్య మామయ్య గారికి మేనల్లుడు సత్తియ్య నమస్కారాలు. నేను ఇక్కడ బాగున్నానండీ. మీరూ, అచ్చమ్మత్తా, మన లంకలో అందరూ బాగున్నారని తలుస్తాను.

మీరు పంపినట్టే రాజరత్నం గారి దగ్గర తెరల పనిలో చేరాను. ఆరు నెలల్లో పని పట్టుబడితే ఉంచుకుంటారట. లేకపోతే తిరుగు పడవే.

ఏలూరు గురించి ఏమని రాయనండీ! మా కొట్టు నాటకాల కొట్టానికి ఆనుకునే ఉంది. పొద్దున లేస్తే హార్మోనియం. పక్కింట్లో మీరావలి గారు తివాసీలు నేస్తారు. ఆయన భార్య కమరున్నీసా గారు ముడి మీద ముడి వేస్తుంటే, నా కళ్ళ ముందే ఒక ఎర్రపువ్వు విచ్చుకుంది. ఒక్క పువ్వుకి పూటంతా పట్టింది. అన్నం సంగతి మరిచిపోయి అక్కడే కూర్చున్నాను.

నిన్న నాటకంలో మా కొత్త తెర ఎత్తారు. దాని మీద రాజుగారి మేడ. ముందు వరసలో ఒక పెద్దాయన చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు, లోపలికి వెళ్ళాలి కాబోలు అని.

ఇట్లు,
సత్తియ్య

తా.క.: నాచేత మొదటిసారి తెర మీద నీళ్ళ బొమ్మ వేయించారు. చూసి, "ఇది చెరువా, కుడితి తొట్టా?" అన్నారు గురువు గారు.

కొల్లేటి లంక,
18-1-1934

చిరంజీవి సత్తియ్యకు మామయ్య దీవెనలు.

నీ ఉత్తరం దేవసహాయం మాస్టారు చదివి వినిపించారు. ఇది కూడా నేను చెబుతుంటే ఆయనే రాస్తున్నారు.

తెర మీద మేడలెందుకురా? తెరకి ముందు ఉండాల్సింది గట్టిదనం. పెద్దింట్లమ్మ తీర్థానికి మనకీ ఒక తెర కావాలి. అన్ని ఊళ్ళ జనం వస్తారు, తెర లేకపోతే నా పరువేం కాను? గాలికి నిలవాలి. తడిసినా చినగకూడదు. నలభై మందిని లాగాలి. అలాంటిది పంపితే నీకు పని వచ్చినట్టు. లేదా, వచ్చి వల పట్టు.

ఇట్లు,
పెద్దింటయ్య (వేలిముద్ర)

తా.క.: నీళ్ళు వేయాలంటే నీళ్ళకేసి చూడకురా. నీళ్ళలో ఆకాశం ఎలా ఉందో చూడు. నీళ్ళకి సొంత రంగెక్కడిది?

ఏలూరు,
6-2-1934

మామయ్య గారికి నమస్కారాలు.

మీరే నోరు తెరిచి నాటకం అడుగుతారని కలలో కూడా అనుకోలేదండీ! మీ ఉత్తరం చదివి వినిపిస్తే గురువు గారు లేచి నిలబడ్డారు. "నలభై మందినేమిటి, నాలుగు వేల మందిని లాగుతుంది మన తెర!" అన్నారు.

మీరు చెప్పినట్టే నీళ్ళలో ఆకాశం వేశాను. గురువు గారు వచ్చి చూశారు. వెళ్ళి మీరావలి గారిని, కమరున్నీసా గారిని పిలుచుకొచ్చారు. ఆవిడ దగ్గరికొచ్చి, ఠక్కున ఆగి, "అమ్మో, కాళ్ళు తడుస్తాయి" అంది. మేడ కింద నీళ్ళన్నీ నన్నే వేయమన్నారు. ఆ తెరే మీకు పంపుతున్నాం.

తీర్థానికి ముందురోజు బండి మీద రేవుకి వస్తుంది. పౌర్ణమి నాటి పొద్దున్నకి కట్టి, ఎత్తి ఉంచండి. మధ్యాహ్నానికి గురువు గారితో కలిసి ఏడుగురు వస్తారు. నన్ను కొట్టు చూసుకోమన్నారు.

ఇట్లు,
సత్తియ్య

తా.క.: అబ్బాయిరాజు గారు ఆడవేషం వేస్తారు. మీసం లేదు కదా అని ఆయన్ని ఆడవాళ్ళ పడవ ఎక్కించకండి.

కొల్లేటి లంక,
3-3-1934

చిరంజీవి సత్తియ్యకు,

ఒరేయ్, నువ్వు పంపింది తెరచాప కాదటరా!

అది తెలియక పడవలో కొయ్యకి కట్టి ఎత్తేశాను. గాలి పట్టింది. నలభై మందితో పడవ తీర్థానికి బయల్దేరింది. ఒడ్డున జనం జనమంతా ఒక్కసారి లేచారు. మంగాయమ్మ పొంగలి కుండ కింద పెట్టేసి చేతులు జోడించింది. నేను చుక్కాని దగ్గర, తెరకి వెనకాల ఉన్నాను. నాకు కనిపించేది మాసిన గుడ్డ. దండాలు నాకేనేమోనని నేనూ తిరిగి దండం పెట్టాను.

ఒడ్డుకి దిగి, ముందుకొచ్చి అప్పుడు చూశాను. నీళ్ళ మీద మేడ తేలుతోంది. రాజుల ఇళ్ళు నేనెరగను. కానీ దాని కింద నీళ్ళున్నాయే, అవి మన రేవు నీళ్ళు. తెల్లారాక, మంచు విడిచే వేళవి. యాభై ఏళ్ళుగా వాటి మీదే తిరుగుతున్నాను. అవి అంత బాగుంటాయని ఇన్నేళ్ళూ నాకు తెలియలేదురా.

మీ గురువు గారు వచ్చి చూసి ఒడ్డునే కూలబడిపోయారు. "తెర ముందుకి జనం రావడం చూశాను గానీ, జనం ముందుకి తెర రావడం ఇదే చూడ్డం" అన్నారు. ఆ సాయంత్రం దాన్నే విప్పి కట్టి ఆడారు. అందరికన్నా ముందు నేనే కూర్చున్నాను.

నువ్వు ఇంక వల మాట తలుచుకోకు. ఏలూరులోనే ఉండు. మన తెరచాప మేం కుట్టుకుంటాం.

ఇట్లు,
పెద్దింటయ్య (వేలిముద్ర)

తా.క.: బాబూ సత్తియ్యా, నేను దేవసహాయాన్ని. నాటకమంటే చెడిపోయినవాళ్ళ పని అని మీ మామయ్య మాట. అందుకని నీ ఉత్తరాల్లో నాటకం అని ఉన్నచోటల్లా చదవకుండా దాటేశాను. పోయిన ఉత్తరంలో ఆయన తెరచాప అన్నచోటల్లా తెర అనే రాశాను. పలక మీద నువ్వు గీసిన కొంగలు చూసినవాణ్ణి, నిన్ను వలకి వదలబుద్ధి కాలేదు. "ఇంతసేపు ఏం రాస్తున్నారు మాస్టారూ?" అని మీ మామయ్య పక్కనే కూర్చుని అడుగుతున్నాడు. ఊళ్ళో అందరూ నిన్ను అడిగినట్టు రాస్తున్నానని చెప్పాను.