ఉమ్మితో తుడిచిన ఓడ

మార్చి 4

మ్యూజియంలో పాత బొమ్మలు బాగుచేసే మా గదికి కొత్త బొమ్మ వచ్చింది. మూడొందల ఏళ్ళ నాటి రంగుల చిత్రం, సముద్రం మీద ఓడ. పైన పూసిన వార్నిష్ ముదిరి సముద్రమంతా మురుగునీళ్ళ రంగు. దానికి మాస్టర్ వైద్యుడు. నేను ఉమ్మి. నిజంగానే. పుల్లకి దూది చుట్టి, నోట్లో తడిపి, గోరంత మేర రుద్ది, పారేసి, ఇంకో పుల్ల. ఏ కెమికల్‌కీ ఇంత మెత్తదనం ఉండదట. నీ ఉమ్మికే జీతమిస్తున్నార్రా, ఎవడి మీదో ఊసి దండగ చెయ్యకు, అంటాడు మాస్టర్. ఎవడి మీద ఊయాలో నాకు తెలుసు. బాగుచేసిన బొమ్మ పక్కన గోడ మీద పెట్టే కార్డులో ఆయన పేరొక్కటే ఉంటుంది.

మార్చి 9

మురికి కింద నుంచి డెక్ బయటపడింది. తొమ్మిదిమంది పడుకుని ఉన్నారు. ఒక్కడే నిలబడి దూరంగా నేల కోసం చూస్తున్నాడు. మిగతావాళ్ళు అలిసిపోయి నిద్రపోతున్నారనుకున్నాను. మాస్టర్ నవ్వాడు. నిద్రేంట్రా పిచ్చోడా, పోయారు, ఎవరూ చూడని నేల చూద్దామని బయల్దేరి, నెలల తరబడి పచ్చి కూరాకు లేక, చిగుళ్ళు కుళ్ళి, నోట నెత్తురొచ్చి పోయారు అన్నాడు. భూతద్దం పెట్టి చూశాను. ఒక్కొక్కడి మూతి దగ్గర ఆవగింజంత ఎరుపు.

మార్చి 11, మధ్యాహ్నం 3

దూది ఎర్రగా వచ్చింది.

రుద్దుతున్నది ఒకడి మూతి పక్కనే. మూడొందల ఏళ్ళు నిలిచిన రంగు నా నోటి తడికి కరిగిపోయిందా? అయితే ఉద్యోగం హుళక్కే. పుల్ల జేబులో దాచేశాను. ఏంట్రా మొహం అలా మాడిపోయింది అన్నాడు మాస్టర్. ఎండండీ అన్నాను. మా గదికి కిటికీలే లేవు.

మార్చి 12

మళ్ళీ ఎరుపే. దగ్గు కూడా.

మార్చి 13

ఈరోజు కావాలనే ఆకాశం తుడిచాను. దూది ఎర్రబడింది.

ఆకాశంలో ఎక్కడా ఎరుపు లేదు.

మార్చి 14, ఉదయం 6

అక్కకి చెప్పాను. గిన్నెలు తోమినట్టు పళ్ళు తోముతావు, నెత్తురు రాదా మరి, అంది. అప్పుడే దగ్గొచ్చింది. సింకులోకి చూసింది. నాన్న చివరి ఆరు నెలలూ ఆయన చేతిరుమాళ్ళు ఉతికింది అక్కే. సింకు కడిగింది. మళ్ళీ కడిగింది. ఇవాళే ఆస్పత్రికి, రాకపోయావో మెడ పట్టుకు ఈడ్చుకుపోతా, అని అరిచింది. భయమేస్తే అక్కకి కోపమొస్తుంది. నాకూ అంతే.

అదే రోజు, 10 గంటలు

సెలవడగబోయి మాస్టర్‌కి మొత్తం చెప్పేశాను. ఆయన ముందు బొమ్మ దగ్గరికి పరిగెత్తాడు. అరగంట సేపు భూతద్దంతో అంగుళం అంగుళం వెతికాడు. హమ్మయ్య, రంగెక్కడా పోలేదురా, బతికించావు అన్నాడు. ఆ తర్వాత నా వంక చూశాడు. కుర్చీ నా వైపు జరిపాడు. నేను కూర్చోలేదు.

ఆ డెక్ మీద నిలబడ్డవాడూ ఇంతే. పడున్నవాళ్ళ వైపు తల తిప్పడు. మూడొందల ఏళ్ళుగా తిప్పలేదు.

మార్చి 17

ఎక్స్‌రేలో కుడి పక్క తెల్లటి మచ్చ. నాన్నకొచ్చిందేనా అని అడిగాను. చూడందే చెప్పలేనంది డాక్టరు. గొంతులోంచి సన్నటి గొట్టం దింపి, దాని చివర కెమెరాతో లోపలిదాకా వెళ్ళాలట. మత్తిస్తాం, నీకేం తెలీదులే బాబూ అంది.

మత్తు వద్దన్నాను.

స్క్రీను నా వైపు తిప్పమన్నాను.