కొక్కెం మీద మూడు గీతలు

దుకాణం నుంచి,
మార్చి 11, మంగళవారం.

అన్నయ్యకు,

చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ నాన్నా నేనూ కులాసా. వదినా, పిల్లలూ, నువ్వు బాగుచేసే కుట్టుమిషన్లూ కులాసా అని తలుస్తాను. ఏడాదికొక కార్డుముక్క తప్ప రాయని నేను ఇంత లావు కవరు పంపితే నువ్వు కంగారుపడతావని తెలుసు. నాన్నకేమీ కాలేదు. ఉన్న ఒక్క కన్నూ బాగానే ఉంది, నోరు అంతకన్నా బాగుంది.

ఆ జర్మన్ వేట రైఫిల్ మళ్లీ మన దుకాణానికి వచ్చింది.

ఏదో నీకు చెప్పనక్కర్లేదు. దాని యజమాని పోయాడట. ఆయన కోడలు దుప్పట్లో చుట్టి తెచ్చింది. మ్యూజియంవాళ్లు తీసుకుంటామన్నారట, అన్నీ పుట్టినప్పటి భాగాలేనా, మధ్యలో ఎవరైనా చెయ్యి పెట్టారా అన్నది మనల్ని రాసిమ్మంటున్నారట. ఇరవై ఏళ్ల కిందట ఇక్కడి నుంచి పట్టుకెళ్లాక దాన్ని ఎవరూ పేల్చలేదని, బీరువాలోంచి తియ్యనైనా లేదని చెప్పింది. దుప్పటి విప్పగానే మళ్లీ కప్పేశాను.

వద్దనడానికి వీల్లేకపోయింది. నాన్న వాసనతోనే పోల్చుకున్నారు. కుర్చీ నా పక్కకు లాక్కుని, చూడు, రాయి, ఏదీ తుడవకు అని పాత పాఠం మొదలెట్టారు.

బ్యారెల్ కింద పరీక్ష ముద్రలు భూతద్దంతో చూశాను. ఒక్కటీ అరగలేదు. బ్యారెల్ మీదా తూటాను బిగించే బోల్ట్ మీదా తూటాల పెట్టె మూత మీదా ఒకటే నంబరు. చెక్కమీది చెక్కడం చేతుల రాపిడికి పలచబడింది గానీ, మళ్లీ ఎవరూ గీయలేదు, కొత్త మెరుగు పుయ్యలేదు. మరమేకుల తలల మీది గాడులు చూశావా అని నాన్న పదిసార్లు అడిగారు. చూశాను, ఎక్కడా స్క్రూడ్రైవర్ జారిన గుర్తు లేదు. ఇంత చక్కగా మిగిలిన తుపాకీ నా చేతికి ఇంతవరకు రాలేదు. అక్కడితో ఆపేసి సంతకం పెట్టాలనిపించింది. కానీ గురువారం మ్యూజియం పరీక్షకుడు వస్తాడు, అతను ట్రిగ్గర్ విప్పకుండా వదలడు. అందుకని నేనే విప్పాను.

తూటాను కొట్టే పిన్నును ఆపి పట్టే కొక్కెం ఉంది చూడు, గోరంతది, దాని అంచు అద్దంలా ఉండాలి. దాని మీద ఆకురాయి గీతలు మూడున్నాయి. అంచు ఎంత పలచబడిందంటే, పట్టు ఉందో లేదో అన్నట్టుంది. అన్నీ బిగించి, ఖాళీ తుపాకీని బల్లమీద పెట్టి, బల్లను మోకాలితో తట్టాను. టక్కుమని జారిపోయింది. ట్రిగ్గర్ ఎవరూ ముట్టలేదు అన్నయ్యా. మళ్లీ తట్టాను, మళ్లీ జారింది.

ఆ రోజు పెరట్లో ఇసుకకుప్పలోకి పేల్చి చూద్దామని నువ్వు తూటా పెట్టి, బోల్ట్ మూసి, ఒక్క క్షణం బల్లమీద దించావు. అది పేలింది. దాగలి దిమ్మెకు తగిలి ఎగిరిన తూటా ముక్క నాన్న కంట్లో దిగింది. నువ్వు ట్రిగ్గర్ మీద వేలు పెట్టావని నాన్న, పెట్టలేదని నువ్వు. ఎన్ని ఒట్లు వేసినా వినకుండా నిన్ను గడప దాటించారు. నువ్వు వేలు పెట్టలేదు. ఇన్నేళ్లూ ఆ కన్ను నీ ఖాతాలో పడి ఉంది, నీకు ఎంతో ఇష్టమైన పని నీ చేతికి అందకుండా పోయింది.

ఇప్పుడు నా భయం చెబుతాను. సానపెట్టే నూనెరాయి మీద నాలుగుసార్లు రుద్దితే ఆ గీతలు పోతాయి. పరీక్షకుడు కాదు కదా, దాన్ని చేసినవాళ్లు లేచొచ్చినా కనిపెట్టలేరు. అప్పుడు తుపాకీ మీద చెయ్యి పడ్డ నిజమూ పోతుంది, నువ్వు నిర్దోషివనే సాక్ష్యమూ పోతుంది. పొద్దుటి నుంచి రాయి మూడుసార్లు చేతిలోకి తీసుకుని కింద పెట్టాను. ఏమిటా చప్పుడు అని నాన్న అడిగితే సొరుగు అన్నాను. తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ గీతలు ఎవరు గీశారని మాత్రం ఇప్పుడు అడగకు.

వదినకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ చెల్లెలు.

తా.క. బుధవారం పొద్దున. అంటించిన కవరు మళ్లీ చించాను.

ఆ గీతలు నావి. ట్రిగ్గర్ బిగుసుకుందని యజమాని అంటే, పాత జిడ్డు కడుగు చాలు, ఇనుము జోలికి పోకు అని నాన్న నాకు అప్పగించారు. నాకు పదహారేళ్లు. కడిగినా నాకు నచ్చినంత తేలిక కాలేదు. మీరిద్దరూ భోజనానికి లేచాక ఆకురాయి మూడుసార్లు ఆడించాను. నువ్వు సంచీ పట్టుకుని మెట్లు దిగుతుంటే కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే నన్నూ గెంటేస్తారని భయపడ్డాను.

ఇందాక కొక్కెం నాన్న అరచేతిలో పెట్టి అంతా చెప్పేశాను. ఆయన గోటితో దాన్ని తడిమారు.

"తెలుసు," అన్నారు. "గీతలు అటు వాలాయంటే గీసింది పుర్రచేయి. ఈ ఇంట్లో పుర్రచేయి నీదొక్కటే."

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే విప్పి చూశారట. నిన్ను పంపేసింది ఆ మర్నాడు. తెలిసే ఎందుకు పంపారని అడిగాను.

"వాడు మగపిల్లాడు, ఎక్కడో అక్కడ బతుకుతాడు. నీ పేరు బయటికొస్తే మళ్లీ నీ చేతికి తుపాకీ ఎవరిస్తారు?"

నా మీద ప్రేమే కావచ్చు. కానీ ఆ మాట విన్నాక నాకు ఆయనంటేనే భయం వేసింది, ఆయన పక్కన ఇన్నాళ్లు తిన్న అన్నమంటే భయం వేసింది.

కొక్కేన్ని ఉన్నదున్నట్టే బిగించాను. కాగితం మీద, మూడు గీతలు తర్వాత పడ్డవి, గీసింది నేను, తూటా పెడితే దానంతటదే పేలుతుంది అని రాసి సంతకం పెట్టాను. నకలు ఇందులో ఉంది. ఎవరికి చూపించుకున్నా నీ ఇష్టం.

నువ్వు జవాబు రాయకపోయినా అర్థం చేసుకుంటాను అని రాయబోయాను. అది అబద్ధం. తిట్టయినా సరే, జవాబు రాయి.