పాఠం మధ్యలో నా కేక

పండూ,

నీ పెద్దకర్మ అయ్యాక కల్లంలో మిరపకాయలు ఎండబోశాం. తాలుకాయలు ఏరుతూ నీ బ్లాగులో పాఠాలు వింటున్నాను. కాయ కోతలకు పోయి బడి మానేసే పిల్లల కోసం నువ్వు నీ గొంతుతో రికార్డు చేసి పెట్టినవే. పక్కింటి కౌసర్ ఫోనులో పెడుతుంది.

"గింజ మొలవాలంటే ముందు ఏం కావాలి?" అని అడిగి, పిల్లలు జవాబు చెప్పుకోవడానికి కాసేపు ఊరుకుంటావు చూడు, అక్కడ నేనే చెబుతున్నాను. "నీళ్లు" అన్నాను. "బాగా చెప్పారు" అన్నావు. కౌసర్ నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయింది.

నిన్న మీ బడి చైతన్యకృష్ణ సారు వచ్చారు. ఆ పాఠంలోనే వెనకనుంచి నా కేక పడిందంట. "అన్నం చల్లారిపోతోంది, రావే" అని నేను. "వస్తన్నానమ్మా, ఈ ఒక్కటీ అయిపోనీ" అని నువ్వు.

"పిల్లలు వినేదానికి అడ్డంగా ఉందండీ, ఆ ముక్క తీసేస్తాను" అన్నారు.

"ఉంచండి సారూ. మిగతా అన్నింట్లో మా పండు పిల్లలతోనే మాట్లాడింది. నాతో మాట్లాడింది అక్కడొక్కచోటే" అన్నాను.

ఆయన కళ్లజోడు తుడుచుకుని సరేనన్నారు.

పాఠం కింద పిల్లలు నీకు రాసే చోటే ఈ ఉత్తరం కూడా పెడతానంది కౌసర్. అందుకే రాస్తున్నాను. ఈ పూట కూడా నీ కంచం పెట్టాను. గోంగూర పచ్చట్లో కారం తగ్గించాను. పాఠం అయిపోయింది గదా పండూ, వచ్చి కడుపునిండా తిను.