పాతవి రెండు, కొత్తవి రెండు

ఫిబ్రవరి 9, 2009

తెల్లారుజాము ఫజర్ నమాజు అయ్యాక పొయ్యి మీద టీ పెట్టాను. చిన్న తమ్ముడు అల్లాబక్షు బండి వెనక దిండ్లు కట్టుకుంటున్నాడు. పెద్దవి కింద, చంటిపిల్లలవి పైన. దూదేకే మిషన్ దగ్గర పెద్ద తమ్ముడు మాబు సాహెబ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తమ్ముడు సందు మలుపు తిరిగేదాకా స్విచ్ వెయ్యడు. చిన్నవాడికి దూది దుమ్ము పడదు, ఆయాసం. మా నాన్న పత్తి మిల్లులో పనిచేసి ఆ జబ్బుతోనే పోయాడు. వీడు సైకిల్ తొక్కలేడు, పెట్రోలు మేం పొయ్యలేం. అందుకే బ్యాటరీ బండి. అద్దంకి దాకా ఊరూరా తిరిగి దిండ్లు అమ్మి, పరుపుల ఆర్డర్లు తెస్తాడు. టీ తాగి, చప్పుడు లేకుండా వెళ్ళిపోయాడు.

రోజూ ఇంతే. ఇవాళ మాత్రం పేట దాటకముందే బండి ఆగింది. తోసుకుంటూ వచ్చాడు.

ఫిబ్రవరి 11

బ్యాటరీల షాపు బాలస్వామి గారు బండిలోవి నాలుగు బ్యాటరీలూ ఒకేసారి మార్చమన్నారట. చవకరకం నాలుగు కొనగలం గాని, అవి అద్దంకి వెళ్ళి రావు. మంచివైతే వస్తాయి, రెండే కొనగలం. తేలికైన లిథియంవి కూడా ఉన్నాయట. ధర చెప్పి ఆయనే నవ్వారట.

ఫిబ్రవరి 12

అన్నాల దగ్గర మాబు సాహెబ్ తేల్చేశాడు. మంచివి రెండు కొని, పాతవాటిలో కాస్త బాగున్నవి రెండు ఉంచేద్దామన్నాడు.

"పాత దూదిలో కొత్తది కలిపి ఏకితే పరుపు లేవట్లా? ఇదీ అంతేరా."

"బ్యాటరీల్ని కూడా మిషన్లో వేస్తావా అన్నా?" అన్నాడు చిన్నవాడు.

నవ్వుకున్నాం. నాకూ సబబే అనిపించింది. తాతల నాటి నుంచి పాతదాంట్లో కొత్త కలిపే బతుకుతున్నాం.

ఫిబ్రవరి 20

అద్దంకి వెళ్ళి వచ్చాడు. అల్‌హమ్దులిల్లా.

మార్చి 6

ఇప్పుడు అద్దంకి చేరకుండానే ఆగుతోందట. ఎవరింట్లోనో చార్జింగ్ పెట్టుకుని, చార్జి ఎక్కేదాకా వాళ్ళ అరుగు మీద కూర్చుంటున్నాడు. పక్కన మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. ఘాటుకు దగ్గు. దిండ్లు సగం తిరిగొస్తున్నాయి.

మార్చి 19

హైవే మీద ఆగిపోయింది. లారీల దుమ్ములో తోసుకుంటూ వచ్చి గడప మీద కూలబడ్డాడు. మాట రాలేదు. పెదవులు నల్లబడ్డాయి. ఆస్పత్రిలో ముక్కుకు గొట్టం పెట్టారు. నేను వరండాలో తస్బీ పూసలు తిప్పుతూ కూర్చున్నాను.

దుమ్ము జోలికి పోవద్దన్నారు డాక్టరు గారు. ఎప్పుడూ చెప్పేదే.

మార్చి 23

బాలస్వామి గారు మీటర్ పెట్టి చూశారట. పాతవి ముందే ఖాళీ అయ్యి, కొత్తవాటిని కూడా లాగేశాయట. ఇప్పుడు నాలుగూ పాతవే.

ఇంటికొచ్చి మాబు సాహెబ్ మిషన్ వెయ్యలేదు. ఎవరిదో పాత పరుపు విప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు.

"దూది ఇట్లా చెయ్యదక్కా" అన్నాడు.

మార్చి 29

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక ముగ్గురం కూర్చున్నాం. మళ్ళీ బ్యాటరీలు కొనే డబ్బు లేదు, ఒకరు కూలికి పోవాలి. మిల్లుకు తను పోతానన్నాడు మాబు సాహెబ్. పోతే ఇక్కడ మిషన్ ఆగుతుంది. అందరి కూడూ దాని మీదే.

"నేను పోతాలే అక్కా. నాన్న చేసిన పనేగా" అన్నాడు చిన్నవాడు.



బుధవారం నుంచి అల్లాబక్షు జిన్నింగ్ మిల్లుకు. బండి అమ్మకానికి. ముక్కుకూ నోటికీ కట్టుకోడానికి పరుపు గుడ్డ నేను కుట్టాలి, నాలుగు మడతలు వేసి. అనుకున్నది ఇదే.