పాలపిట్ట వెండి బిళ్ళ ఎవరి చేతికి

సిద్దిపేటలో ఉండే గొర్ల కాపరి, కీర్తిశేషులు పోశయ్య కొడుకు ఇస్తారి అనే నేను, వయసు డెబ్బై ఎనిమిది, నా ఇష్టంతో రాస్తున్న వీలునామా ఇది. నడుము వంగింది గాని మతి వంగలేదు. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ తాగిపియ్యలేదు. అక్షరాలు వంకరగుంటే చదివేవాళ్ళు మెడ వంచుకొని చదవాలి.

1. ఇప్పుడుంటున్న ఇల్లు నా భార్య ఐలవ్వ బతికినంతకాలం ఆమెది. ఆ తర్వాత కొడుకులు మహేందర్, కర్ణాకర్‌లకు చెరి సగం. నడుమ గోడ ఎక్కడ పెట్టాలో ఐలవ్వ చెప్పిందే ఖాయం.

2. మర్కూక్ దగ్గరి ఎకరం చెలక బిడ్డ స్వర్ణకు, సర్వ హక్కులతో. ఆడపిల్లకు భూమి ఎందుకనేవాళ్ళు నా దినాలకు రావద్దు. వచ్చినా అన్నం పెట్టవద్దు.

3. నా గొంగడి పక్కింటి లక్ష్మీరాజానికి. సంతలో పదిమంది ముందు నా పొట్టేలు కాళ్ళు వంకరన్నాడు, అది మరువలేదు. అయినా చలికాలం ఆయనకు దగ్గు. కప్పుకున్నప్పుడల్లా నా పేరు తలుచుకోక తప్పదు.

4. వెండి బిళ్ళ. ఒక దిక్కు పాలపిట్ట, జమ్మిచెట్టు. ఇంకో దిక్కు జింక, తంగేడు పువ్వు. మన రాష్ట్రం గుర్తులు నాలుగూ ఉన్నాయి. ఆరేండ్ల కింద పొట్టేలును అమ్మి హైదరాబాద్ ఎగ్జిబిషన్‌లో కొన్నాను. ఎవరి దానమూ కాదు.

అంతకుముందు దసరాకు ఐలవ్వ మోకాళ్ళు పట్టుకపోయి, ఊరి బయటికి పోయి పాలపిట్టను చూడలేకపోయింది. పిట్టను చూడకపోతే ఏడాది కలిసిరాదని మూతి ముడుచుకున్నది. అందుకే కొన్నాను. మరుసటి దసరాకు చేతిలో పెడితే, "గిది ఎగుర్తలేదు గదా, గిదేం పిట్ట" అన్నది. "ఎగిరితే నీ చేతుల కూసుంటదా" అన్నాను. కండ్లకద్దుకున్నది. అప్పటినుంచి మా వాడలో నడవలేని ముసలివాళ్ళందరి ఇండ్లకూ దసరానాడు బిళ్ళను నేనే తీసుకపోతున్నాను.

5. దాన్ని బ్యాంకు లాకర్‌లో పెడదామని మహేందర్ పట్టుబట్టాడు. "డబ్బీ తెరవకు బాపూ, ధర పెరుగుతది" అనేవాడు. నిరుడు పండుగ ముందు చిన్న కోడలు సంగీత, కర్ణాకర్ భార్య, దీపపు కుందులతో పాటు బిళ్ళను కూడా చింతపండు, విభూతి పెట్టి తోమింది. జింక మీది చుక్కలు పోయాయి. తోమిన బిళ్ళకు గిరాకీ లేదని మహేందర్ తల పట్టుకున్నాడు. సంగీత జంకలేదు. "నల్లగున్న పిట్టను ముసలోళ్ళు ఎట్ల చూస్తరు మామా" అన్నది. నిజంగానే ఆ దసరాకు కండ్లు మసకలున్నవాళ్ళు కూడా పిట్టను గుర్తుపట్టారు.

6. కాబట్టి సదరు బిళ్ళ సంగీతకే. కొడుకులకు దాని మీద ఏ హక్కూ లేదు. లాకర్‌లో పెట్టరాదు, అద్దాల పెట్టెలో పెట్టరాదు, కరిగించి పట్టీలు చేయించరాదు. ఆమెకు చేతగాని రోజున ఎవరికివ్వాలో ఆమే చూసుకుంటుంది.

7. నేను పోయిన ఏడు పండుగ లేదని ఇంట్లో కూర్చోవద్దు. పిండివంటలు చేయకుంటే చేయకండి, పిట్టను మాత్రం తిప్పాలి. ముందు ఐలవ్వ చేతిలో పెట్టాలి. తిడితే పడాలి, ఏడిస్తే ఏడ్వనియ్యాలి. ఆమె తనంత తాను తిరిగిచ్చినంకనే పక్కింటికి పోవాలి.

తేది: 14 సెప్టెంబర్ 2025, సిద్దిపేట

ఇస్తారి
(సంతకమే, వేలిముద్ర కాదు)

సాక్షులు:
1. పెద్దయ్య, కిరాణం దుకాణం
2. శైలజ, బడి టీచర్