ఇంటికి ఒకే ఓటు

సువార్తా, బాగున్నావా? జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకే, షాపులో పచ్చళ్ళ సరుకు దిగింది. మా స్కార్‌బరో చర్చిలో ఇంటికి ఒకటే ఓటు, అదీ మగాళ్ళదే కదా. మాకూ కావాలని నేనూ, జమైకా మార్షా, ఫిలిప్పీన్స్ లూజ్ కలిసి మీటింగులో అడిగాం. సంఘపెద్ద సంతోషం అంకుల్, "మన సామర్లకోటలో ఆడవాళ్ళు ఇలా అడుగుతారా?" అన్నారు. మాకు మద్దతుగా సామర్లకోట నుంచి మీ స్త్రీల సమాజం పంపిన ఉత్తరం తీశా. "మొదటి సంతకం మీ చెల్లెలిదే అంకుల్. అక్కడి చర్చిలో పదేళ్ళుగా ఓటేస్తోంది."

"నాకు చెప్పనేలేదే!" అన్నారు పాపం. చివరికి మాకు ఓటివ్వాలని ఆయనే ముందు చెయ్యెత్తారు, వెనకే మిగతావాళ్ళూ. వచ్చే ఆదివారం మేమూ ఓటేస్తాం!

మార్షా వాళ్ళ ఊరి చర్చిలో ఆడవాళ్ళకింకా ఓటు లేదట. వాళ్ళకీ ఓ ఉత్తరం రాయండే, ఇంగ్లీషు నేను చూసుకుంటా. అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయి? సమాజంలో అందరికీ నా వందనాలు. మనం కలిసేదెప్పుడే?

నీ కరుణమ్మ