ఆయ్ అంటే

9 నవంబరు 2005
దేశం కాని దేశం వచ్చి పడ్డాను. ఇసుక... ఎటు చూసినా అదే. కళ్లు కాసేపు చెట్టు కోసం వెతికి ఊరుకున్నాయి. ఏడుపొస్తుందనుకున్నాను. నిద్రొచ్చింది.

10 నవంబరు
టూరిస్టుల క్యాంపు. సాయంత్రం జీపుల్లో వస్తారు, ఒంటెలెక్కుతారు, తింటారు, డాన్సు చూస్తారు, పోతారు. నాకు మడమల దాకా తెల్లటి పొడుగు చొక్కా ఇచ్చారు. వచ్చినవాళ్ల తలలకి గళ్ల రుమాళ్లు చుట్టడం నా పని. చేతిలోకి తీసుకోగానే తెలిసింది — మరమగ్గం సరుకు. మా ఊరు బండారులంకలో నా మగ్గం మూలపడింది ఇలాంటి గుడ్డ వల్లే. ఇప్పుడదే చుట్టిపెడుతున్నాను. నవ్వు కూడా రాలేదు.

16 నవంబరు
ఒంటెల లద్దె ఎత్తడం కూడా నా పనేనట. ఎందుకో తెలియదు.

21 నవంబరు
మరుగుదొడ్లు కూడా. జనరేటరు కూడా. మేనేజరు అందర్నీ నిలబెట్టి గబగబా ఇంగ్లీషులో ఏదో చెబుతాడు. నన్ను చూసి "గుడ్, గుడ్" అంటాడు. పని నా నెత్తిన పడుతుంది.

25 నవంబరు
ఇవాళ తెలిసింది. నా గుడారంలో ఉండే నేపాలీ కిరణ్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎవరు చేస్తారని మేనేజరు అడిగినప్పుడల్లా నువ్వే కదా "ఐ, ఐ" అంటున్నావు, అన్నాడు హిందీలో.
నేనన్నది ఆయ్! పెద్దవాళ్లు మాట్లాడుతుంటే వింటున్నానండీ అని తెలియొద్దూ? మా వైపు పుట్టినవాడికి అది ఊపిరితో పాటు వచ్చేస్తుంది. ఇక్కడ దానికి "నేను చేస్తాను" అని అర్థమట.
ఇక అనకూడదు.

28 నవంబరు
ఎస్ సార్. ఎస్ సార్. పళ్లు బిగించి మరీ. నాలుక కరుచుకున్నాను.

9 డిసెంబరు
లద్దె పని కిరణ్‌కి మారింది. ఆయ్ రావడం మానేసింది. బాగానే ఉంది. ఆకలి, రుచి, పగలు, రాత్రి — అన్నీ ఒకేలా ఉన్నాయి. పడుకున్నాక కాళ్లు మాత్రం మగ్గం తొక్కుతున్నట్టు ఆడుతున్నాయి. వాటికింకా తెలిసినట్టు లేదు.

16 డిసెంబరు
క్యాంపులో సిగ్నల్ రాదు. వంటగది వెనక దిబ్బెక్కితే వస్తుంది. డ్రైవరు ఖాన్ భాయ్ తన ఫోనిచ్చాడు. పక్కింటి మేష్టారింటికి చేస్తే సత్య పరిగెత్తుకొచ్చింది. "ఏమండీ, వేళకి తింటున్నారా అండీ? చిక్కిపోయేరా?" తర్వాత బుజ్జికిచ్చింది.
మా ఇద్దరిదీ ఒక ఆట. అది "నాన్నా" అంటుంది, నేను "ఆయ్" అంటాను. మళ్లీ "నాన్నా", మళ్లీ "ఆయ్". నేను మగ్గం మీదుంటే పొద్దస్తమానం ఇదే. మూడేళ్ల పిల్ల, విసుగనేది ఎరగదు.
"నాన్నా" అంది.
"ఎస్" అన్నాను.
ఫోను కింద పెట్టిన చప్పుడు. తర్వాత దూరంగా — "అమ్మా, ఎవరో. నాన్న కాదు."

17 డిసెంబరు
రుమాళ్లు చుట్టాను. చాలామందికి.

6 జనవరి 2006
మళ్లీ చేశాను. బుజ్జి రాలేదు. "గుమ్మం పట్టుకుని వేలాడుతోందండీ, రమ్మంటే రాదు. మీరొచ్చేక సర్దుకుంటుంది లెండి" అంది సత్య.
ఎండలు ముదిరితే క్యాంపు మూసేస్తారు. కాపలాకి ఒక్కణ్ణి ఉంచి, అందర్నీ ఇళ్లకి పంపుతారు. అప్పుడు వెళ్తాను. అదొక్కటే పట్టుకుని ఉన్నాను.

20 జనవరి
ఒంటె చెవిలో ఆయ్ అని చూశాను. ఎవరిదో గొంతులా ఉంది. ఒంటె కూడా పట్టించుకోలేదు.

10 ఫిబ్రవరి
రాజమండ్రి వాళ్లొచ్చారు. కొడుకు తలకి రుమాలు చుడుతుంటే పెద్దావిడ నా మొహంలోకి చూసింది. "మనవైపు మనిషిలా ఉన్నావు. తెలుగువాడివేనా బాబూ?"
నోరు తెరిచాను. "ఎస్ మేడమ్."
ఆవిడ మొహం చిన్నబోయింది. "సర్లే నాయనా" అని అటు తిరిగింది. అప్పుడు ఏడవాల్సింది. ఏడవలేదు.

14 ఏప్రిల్
జీపులింకా రాలేదు. దిబ్బ మీదున్నాను, ఫోను చెవికానించి. సత్య ఎలా బతిమాలిందో, బుజ్జి వచ్చింది. ఊపిరి వినిపిస్తోంది. మేనేజరు దిబ్బెక్కి వస్తున్నాడు, వెనక కిరణ్, ఖాన్ భాయ్. ఏదో అడుగుతున్నాడు — సమ్మర్, స్టే... అటు తిరగలేదు.
"నాన్నా?" చాలా మెల్లగా.
"ఆయ్."
నేననలేదు. అదే వచ్చేసింది.
"నాన్నా!"
"ఆయ్!"
"నాన్నా!"
"ఆయ్! ఆయ్ అండీ!"
కిసుక్కున నవ్వింది. నా తల్లి... నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ఇక్కడికొచ్చాక మొదటిసారి. ఇసుకలో కూలబడ్డాను. భుజం మీద మేనేజరు చెయ్యి పడింది. "గుడ్ మాన్" అన్నాడు, దిగి వెళ్లిపోయాడు.
కిరణ్ ఈసారి నవ్వలేదు. "ఎండాకాలం కాపలాకి ఎవరుంటారని అడిగాడు" అన్నాడు.

15 ఏప్రిల్
మిగతావాళ్లకి టిక్కెట్లు తీస్తున్నారట. సత్యకి చెప్పలేదు. ఆఫీసు గుడారం దాకా వెళ్లి వెనక్కొచ్చాను. ఆయ్ అంటే "నేను" కాదని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? కిరణ్‌ని అడిగాను. ముందు నాకు హిందీలో చెప్పు, అన్నాడు.
వింటున్నాను అని, అన్నాను. మరి కూతురు పిలిస్తే? అన్నాడు. ఇక్కడే ఉన్నాను అని, అన్నాను.
"మేనేజరుకీ అలాగే అర్థమైంది కదా" అన్నాడు.
పొద్దున్న మళ్లీ వెళ్లాలి, ఆఫీసు గుడారానికి.